పొలం చదువు, పట్నం జీతం

తెలుగు కథలో అప్పు చాలా పాత పాత్ర. షావుకారు చిట్టా, ప్రాంసరీ నోటు, తాకట్టుకు పోయిన పుస్తెలతాడు, వేలానికొచ్చిన ఎడ్లు - వీటిని మన కథకులు మూడు తరాలుగా చూస్తున్నారు, చూపిస్తున్నారు. కాళీపట్నం రామారావు గారి 1964 నాటి 'యజ్ఞం' కథకు ఇరుసు ఒక అప్పే. తండ్రి చేసిన అప్పు కొడుకు మీదికి ఎట్లా దిగుతుందో, ఊరి పెద్దలు న్యాయం పేరుతో దానికి ఎట్లా ముద్ర వేస్తారో ఆ కథ చదివినవాడికి మళ్లీ చెప్పనక్కరలేదు. తొంభైల తర్వాత షావుకారు పక్కన పురుగుమందుల డీలరు వచ్చి కూర్చున్నాడు. రైతు ఆత్మహత్యల మీద కథలు, కవితలు, నవలలు వచ్చాయి. మరో పక్క మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మీద కూడా కావలసినంత సాహిత్యం పోగుపడింది.

ఈ ఇద్దరి మధ్యా ఒక మనిషి ఉన్నాడు. అతను రైతు కొడుకు. ఇంజనీరింగు చదవలేదు, వ్యవసాయమే చదివాడు. లేదా ఆమె రైతు కూతురు, పశువైద్యం చదివింది. నాలుగేళ్లో అయిదున్నరేళ్లో చదివి పట్టా పుచ్చుకొని బయటికి వచ్చాక వాళ్ల చేతికి ఎంత వస్తుంది, నెత్తిన ఎంత ఉంటుంది, ఆ రెంటికీ మధ్య బతుకు ఎట్లా సాగుతుంది - ఈ సంగతి మన కథల్లో నాకు కనిపించలేదు. నేను చేవెళ్ల వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. నా దగ్గర పదో తరగతి చదివి ఈ దారి పట్టినవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లతో మాట్లాడినదీ, కాగితాల మీద ఉన్నదీ కలిపి ఈ లెక్కను కథకులకూ, సాహిత్య విద్యార్థులకూ విప్పి చెప్పాలని ఈ ప్రయత్నం. ఇందులో అంకెలు ఎక్కువే ఉంటాయి. అప్పు గురించి రాసేవాళ్లు అంకెలంటే మొహం తిప్పుకోవడం నాకు మొదటినుంచీ నచ్చని అలవాటు.

మొదట ఆ ఇంటి సంగతి. జాతీయ నమూనా సర్వే 2019లో వ్యవసాయ కుటుంబాల పరిస్థితిని పరిశీలించింది. దేశం మొత్తం మీద నూటికి 50 కుటుంబాలు అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93, తెలంగాణలో 91కి పైగా ఉన్నాయి. ఒక్కో కుటుంబం మీద సగటు అప్పు దేశంలో 74 వేలు; తెలంగాణలో లక్షా 52 వేలు; ఆంధ్రలో రెండు లక్షల 45 వేలు. అంటే మనం మాట్లాడుతున్న పిల్లవాడు ఇంటర్లో బైపీసీ తీసుకునే నాటికే ఆ ఇంట్లో ఒక అప్పు నడుస్తూ ఉంటుంది. చదువు అప్పు దాని పక్కనే వచ్చి కూర్చుంటుంది, ఖాళీ చోట మొదలయ్యేది కాదు. బ్యాంకు మేనేజరు ఈ రెంటినీ రెండు ఖాతాలుగా చూస్తాడు. తండ్రికి రెండూ ఒకటే.

బైపీసీ ఇంట్లో మొదటి కోరిక ఎంబీబీఎస్. అది రాకపోతే పశువైద్యం, అదీ కాకపోతే వ్యవసాయం - ఈ మెట్ల వరస ప్రతి ఊళ్లోనూ కంఠతా ఉంటుంది. 2017 నుంచి వైద్య సీట్లు నీట్ పరీక్షకు పోయినా తెలంగాణలో ప్రవేశ పరీక్ష పేరు 2024 దాకా ఎంసెట్‌గానే ఉండేది. లోపల లేని మెడికల్ పేరులో అన్నేళ్లు మిగిలింది. ఆ ఆశ కూడా అలాగే మిగులుతుంది. ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, మరో ఏడాది అదే. రెండేళ్ల హాస్టలు ఫీజులు కట్టాక పిల్లవాడు వ్యవసాయంలో చేరతాడు. చదువు అప్పు లెక్క కాలేజీలో మొదలవుతుందని అనుకునేవాళ్లు ఈ రెండేళ్లను మరిచిపోతారు. ఈ డబ్బు ఏ బ్యాంకూ ఇవ్వదు. అది నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో పుట్టిన డబ్బు, లేదా బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు.

సీటు ఎవరికి వస్తుందన్నది ఇంకో ముచ్చట. రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లోనూ రైతుల పిల్లలకు నూటికి నలభై సీట్లు కేటాయించే పద్ధతి ఉంది. మంచి పద్ధతే. అయితే చాలా ఏళ్లపాటు రైతు అనడానికి రుజువు గ్రామీణ ప్రాంతంలో చదవడమూ, తల్లిదండ్రుల పేర కనీసం ఎకరం పట్టా ఉండడమూ. పదెకరాలు కౌలుకు చేసి, చెమట అంతా ఆ మట్టిలోనే పోసి, పేరున గుంట కూడా లేనివాడు ఈ కొలత ప్రకారం రైతు కాడు. పట్నంలో ఉద్యోగం చేస్తూ పొలం కౌలుకిచ్చినవాడు రైతే. 2018లో రైతుబంధు వచ్చినప్పుడూ ఇదే గీత గీశారు. ఇటీవల వ్యవసాయ కూలీల పిల్లలకు కొంత వాటా ఇచ్చారు, సంతోషం. కానీ కౌలు రైతు అనే మనిషిని ప్రభుత్వ కాగితం ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడుతూనే ఉంది. మన కథల్లో అతను ఎప్పటినుంచో ఉన్నాడు గనక ఆ విషయంలో సాహిత్యమే ముందుందని ఒప్పుకోవాలి.

మెరిట్ సీటు వచ్చినవాడికి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు భారం కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా కొంత మోస్తుంది. మెస్ బిల్లు, పుస్తకాలు, ప్రయాణాలు మాత్రం ఇంటి మీదే పడతాయి. ర్యాంకు కొద్దిలో తప్పినవాడికి ప్రత్యేక కోటా సీటు ఉంది. దానికి ఫీజు లక్షల్లో. తెలంగాణలో ఆ ఫీజును 2024లో తగ్గించారు గానీ, అంతకుముందు చేరినవాళ్లు పాత లెక్కనే కట్టారు. ఆ తర్వాత ప్రైవేటు కళాశాలలు, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. ఇక్కడ తండ్రి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడగడు: దీనికి భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, గుర్తింపు ఉందా? గుర్తింపు లేని చోట చదివిన బీఎస్సీకి ఐసీఏఆర్ పీజీ సీట్ల తలుపు తెరుచుకోదు. బోర్డు మీద 'అగ్రికల్చర్' అన్న అక్షరాలు మాత్రం రెండు చోట్లా ఒకే సైజులో ఉంటాయి.

ఇక బ్యాంకు అప్పు. ఇది ఎట్లా నడుస్తుందో రచయితలు ఒకసారి కూర్చొని చూడాలి. ఎందుకంటే షావుకారు అప్పుకున్న నాటకీయత దీనికి లేదు. ఎవరూ ఇంటి మీదికి రారు, తిట్టరు. నాలుగు లక్షల దాకా హామీ అడగరు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టమంటారు. అంటే మళ్లీ ఆ ఎకరమే. చదువు సాగినన్నాళ్లూ, ఆ పైన ఒక ఏడాదీ కిస్తీ కట్టనక్కరలేదు. ఈ విరామాన్ని చూసి అప్పు నిద్రపోతోందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు. అది నిద్రపోదు. ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లలో నాలుగు లక్షలు తీసుకున్నాడనుకోండి. వడ్డీ నూటికి పది. విరామంలో మామూలు వడ్డీయే పడుతుంది. మొదటి లక్ష అయిదేళ్లు నడిచింది, దాని మీద యాభై వేలు. రెండో లక్ష మీద నలభై, మూడో దాని మీద ముప్ఫై, నాలుగో దాని మీద ఇరవై. అన్నీ కలిపి లక్షా నలభై వేలు. కిస్తీ మొదలయ్యే రోజున అప్పు నాలుగు లక్షలు కాదు, అయిదు లక్షల నలభై వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఏడువేల నూటపాతిక పైచిలుకు. పదిహేనేళ్లకు సాగదీస్తే అయిదువేల ఎనిమిది వందలు. పేద కుటుంబాలకు ఈ విరామ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. ఆదాయ ధ్రువపత్రం వేళకు చేతికొచ్చినవాళ్లకు అది నిజంగానే ఆసరా. పక్కనే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షలున్నాయనుకుంటే, దానికి నెలకు వడ్డీ ఒక్కటే నాలుగు వేలు. అసలు కదలదు.

ఇప్పుడు రాబడి వైపు వెళదాం. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు వేల సంఖ్యలో గ్రామ వ్యవసాయ సహాయకుల్ని, పశుసంవర్ధక సహాయకుల్ని తీసుకున్నారు. మన చదువు చరిత్రలో అది చిన్న విషయం కాదు. వ్యవసాయ పట్టభద్రుడు ఊళ్లోనే కూర్చొని రైతుకు అందుబాటులో ఉండే ఏర్పాటు అది. 2020 మేలో రైతు భరోసా కేంద్రాలు పదివేలకు పైగా తెరిచారు. 2024లో ప్రభుత్వం మారాక వాటి పేరూ మారింది. అయితే జీతం? రెండేళ్ల ప్రొబేషన్‌లో నెలకు 15 వేలు. ఆ రెండేళ్లు 2021 అక్టోబరుతో ముగియాలి. ముగియలేదు. 2022 మధ్య దాకా సాగింది, ఈ లోగా ఉద్యోగులు రోడ్డెక్కవలసి వచ్చింది. నాలుగేళ్లు డిగ్రీ చదివినవాడికీ, పదో తరగతి తర్వాత డిప్లొమా చేసినవాడికీ అదే ఉద్యోగం, అదే 15 వేలు. పైన మనం వేసిన లెక్కలో కిస్తీ ఏడు వేలు దాటింది. అందులో సగం మిగిలితే దానితో అద్దె, బండి పెట్రోలు, ఇంటికి పంపేది. డిప్లొమావాడిని నేను తక్కువ చేయడం లేదు. అతని అప్పు తక్కువ గనక ఆ 15 వేలు అతనికి కాస్త ఎక్కువ దూరం వచ్చాయి, అంతే. ఒకే జీతం ఇద్దరి చేతుల్లో ఒకే జీతం కాదు.

తెలంగాణలో దారి వేరు. ఇక్కడ వ్యవసాయ విస్తరణాధికారులకు క్లస్టర్లు, 2020-21లో కట్టిన 2,601 రైతు వేదికలు ఉన్నాయి. వాటి పైన వ్యవసాయాధికారి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 డిసెంబరులో 148 వ్యవసాయాధికారి పోస్టులకూ, 185 పశువైద్యుల పోస్టులకూ ప్రకటన ఇచ్చింది. మొదటిదాని మూలవేతనం 51,320 దగ్గర, రెండోదానిది 54,220 దగ్గర మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటద్దె కలిపితే మంచి జీతమే. ఏ సాఫ్ట్‌వేర్ కుర్రవాడి తొలి జీతానికీ తీసిపోదు. కానీ 148 అంటే 148. అశోక్‌నగర్ వీధుల్లో, సిటీ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద ఆ సంఖ్య కోసం కూర్చున్నవాళ్లు ఎందరో వెళ్లి చూడవచ్చు. 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకు బయటపడి కమిషన్ పరీక్షలు తారుమారయ్యాయి. ఒక పరీక్ష నెల వెనక్కి జరిగితే పత్రికకు అది ఒక వార్త. గదిలో కూర్చున్నవాడికి ఒక నెల అద్దె, ఒక నెల మెస్, విద్యారుణం మీద ఒక నెల వడ్డీ. మా విద్యార్థి ఒకడు అక్కడ మూడో ఏడు. మొన్న దసరాకు కలిసినప్పుడు అన్నాడు: "సార్, మా నాయినకు వాన పడక పంట పోతది. నాకు నోటిఫికేషన్ పడక ఏండ్లు పోతున్నయి."

ఉద్యోగం వచ్చినవాడి జీతాన్నీ, రానివాడి కాలాన్నీ కలిపి చూడాలన్న మాట ఇక్కడే చెప్పాలి. అమెరికా విద్యాశాఖ 2015 నుంచి 'కాలేజ్ స్కోర్‌కార్డ్' పేరుతో ఒక పట్టిక ప్రకటిస్తోంది. ఫలానా కళాశాలలో ఫలానా కోర్సు చదివినవాళ్లు తర్వాత ఎంత సంపాదిస్తున్నారు, ఎంత అప్పుతో బయటపడ్డారు అన్నది అందులో చూసుకోవచ్చు. వ్యవసాయం, పశువైద్యానికి ముందు చదివే డిగ్రీ - చాలావాటికి ఆ లెక్కలుంటాయి. అదీ ఫెడరల్ సాయం తీసుకున్నవారి లెక్కే గనక సంపూర్ణం కాదు. అక్కడ పశువైద్యుడు కావాలంటే ముందొక డిగ్రీ, తర్వాత మరో నాలుగేళ్లు. బయటికొచ్చే పశువైద్యుడి సగటు అప్పు లక్ష డాలర్లు ఎప్పుడో దాటింది. అప్పు విషయంలో వాళ్లు మనకు ఆదర్శం కాదు. కానీ లెక్కను బయట పెట్టారు. మన దగ్గర జాతీయ ర్యాంకుల విధానం 2023లో వ్యవసాయ విద్యకు ప్రత్యేక వర్గం ఏర్పరచింది. కళాశాలలు తమ పట్టభద్రుల మధ్యస్థ జీతం చెప్పాలి. మధ్యస్థం అంటే జీతాల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచిన అంకె. సగటు కన్నా నిజాయితీ గల అంకె. ఒకడికి కోటి వచ్చినా అది కదలదు. అయితే ఆ వరసలో నిలబెట్టేది ఉద్యోగం వచ్చినవాళ్లను మాత్రమే. నూరుమందిలో నలభై మందికి వచ్చిందనుకుందాం. నలభై మందిలో నడుమవాడి జీతం కాగితం మీదికెక్కుతుంది. అశోక్‌నగర్‌లో ఉన్నవాడు వరసలోనే లేడు. అప్పు ఊసు ఎక్కడా లేదు. రాబడి మాత్రమే చూపి అప్పు చూపని పద్దును మన ఊరి కిరాణా కొట్టువాడు కూడా పద్దు అనడు.

పశువైద్యం సంగతి కొంచెం విడిగా చెప్పాలి. అది అయిదున్నరేళ్ల చదువు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ ఏడాది ఇచ్చే స్టైపెండు పెంచాలని 2025లో ఆంధ్రలో పశువైద్య విద్యార్థులు సమ్మె చేశారు. మనుషుల వైద్యం నేర్చేవాడికి ఒక లెక్క, పశువుల వైద్యం నేర్చేవాడికి ఒక లెక్క ఎందుకని వాళ్ల ప్రశ్న. అయిదువేల పశువులకు ఒక వైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ సంఘం 1976లోనే సిఫారసు చేసింది. ఆ లెక్కన ఊళ్లలో వైద్యుడి అవసరం తీరనిది. అవసరం ఉన్నచోట జీతం ఉండదు, జీతం ఉన్నచోట పోస్టు ఉండదు. 2017లో తెలంగాణ 1962 నంబరుతో వంద సంచార పశువైద్య వాహనాలు నడపడం మొదలుపెట్టింది. బర్రె ఈనలేక కొట్టుకుంటుంటే ఫోను చేస్తే బండి వస్తుంది. అందులో వచ్చే డాక్టరు కాంట్రాక్టు మనిషి.

ఇంకొందరు హైటెక్ సిటీ చుట్టూ చేరారు. కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు కుక్కల ఆసుపత్రులు ఈ పదిహేనేళ్లలో ఎన్ని వచ్చాయో అటు వెళ్లినవాళ్లకు తెలుసు. మా ఊరి పక్క ఊరి అమ్మాయి ఒకతె అట్లాంటి చోట జూనియర్ డాక్టరుగా పనిచేస్తోంది. ఆవు గర్భసంచి తిరగబడితే సరిచేయడం నేర్చిన చేతులు ఇప్పుడు లాబ్రడార్ కుక్కకు టీకా వేస్తాయి. ఇందులో తప్పేమీ లేదు, కుక్క కూడా ప్రాణమే. ఆమెకు చిరాకు కలిగించేది వేరు. ఆ కుక్కకు ఒక పూట చికిత్సకు యజమాని కట్టే డబ్బు, తల్లి ఊళ్లో బర్రె డాక్టరుకిచ్చే స్తోమతకు ఎన్నో రెట్లు. అందులో ఆమె జీతంలోకి చేరేది కొసరు. సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు కదా అని అందరూ అంటారు. ఎక్స్‌రే యంత్రం, అల్ట్రాసౌండ్, ఆ ప్రాంతంలో దుకాణం అద్దె - వీటికి మళ్లీ అప్పు చేయాలి. మొదటి అప్పు తీరకుండా రెండోది.

సొంతంగా పెట్టుకో అన్న మాట ప్రభుత్వ విధానంగా కూడా ఉంది. 2002లో కేంద్రం అగ్రి క్లినిక్‌లు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం మొదలుపెట్టింది. శిక్షణ బాధ్యత రాజేంద్రనగర్‌లోనే ఉన్న 'మేనేజ్' సంస్థది. వ్యవసాయ పట్టభద్రుడు కొన్ని వారాలు శిక్షణ పొంది భూసార పరీక్షల కేంద్రమో, విత్తనాల దుకాణమో, నర్సరీయో పెట్టుకోవాలి. ఇరవై లక్షల దాకా అప్పు, అందులో మామూలువారికి నూటికి 36, మహిళలకు, దళిత గిరిజనులకు 44 సబ్సిడీ. కాగితం మీద చక్కని పథకం. దీనితో నిలబడ్డవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ దీని తర్కం గమనించండి. ఉద్యోగం ఇవ్వలేని వ్యవస్థ నిరుద్యోగితో, నువ్వే నలుగురికి ఉద్యోగం ఇవ్వు అంటోంది. ఆ దుకాణంలో సలహాకు రైతు డబ్బివ్వడు. సలహా ఊరికే వచ్చేదని అతని నమ్మకం, ఇన్నాళ్లూ డీలరు ఊరికే ఇచ్చాడు గనక. డీలరు ఎందుకు ఊరికే ఇచ్చాడో మనకు తెలుసు. అంచేత సలహా బోర్డు కింద మందు డబ్బాలు వచ్చి చేరతాయి, పట్టభద్రుడు డీలరవుతాడు. తొంభైల కథల్లో మనం ప్రతినాయకుడిగా నిలబెట్టిన ఆ డీలరు కుర్చీలోకి మనవాడే చేరుకునే దారి ఇది. కథకుడికి ఇంతకన్నా సంక్లిష్టమైన పాత్ర ఎక్కడ దొరుకుతుంది?

మిగిలినవాళ్ల సంగతి చెబితే హైటెక్ సిటీ పూర్తవుతుంది. సైబర్ టవర్స్‌ను 1998 నవంబరులో వాజపేయి ప్రారంభించారు. అక్కడినుంచి బయలుదేరి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కి నార్సింగి దాటి దిగితే రాజేంద్రనగర్ ఎంతో దూరం కాదు. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది అక్కడే. ఇప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ పేరున ఉన్నది దాని వారసురాలే. ఆ దారిన ఎందరు పట్టభద్రులు ఇటు వచ్చారో. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చి చేరినవాళ్లు, మెడికల్ కోడింగ్‌లో చేరినవాళ్లు, విత్తన కంపెనీల లెక్కలు చూసేవాళ్లు. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి మాదాపూర్‌లో ఉపగ్రహ చిత్రాల పని చేస్తోంది. తెర మీద విదేశీ పొలాలు కనిపిస్తాయి. ఏది మొక్కజొన్న, ఏది సోయా అని గీతలు గీసి గుర్తించాలి. రోజుకు ఇన్ని అని లెక్క. చదివిన చదువుకు ఇది అంతో ఇంతో దగ్గరి పనేనని ఆమె సంతోషం. జీతంలో హాస్టలు, తిండి, కిస్తీ పోగా ఇంటికి కొంత పంపుతుంది. తల్లి పత్తిలో గులాబీ పురుగు పడితే ఆదివారం ఫోనులో ఫొటో చూసి మందు చెబుతుంది. ఆమె చదువు మొత్తంలో సొంత మట్టికి దక్కేది ఆ ఆదివారం పావుగంట. దానికి జీతం లేదు.

ఈ మధ్యలో భూమి ఖరీదు ఎక్కడికి పోయిందో కూడా చెప్పుకోవాలి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం నూరు కోట్ల 75 లక్షలు పలికింది. ఒకప్పుడు జొన్నలు పండిన నేల. 2024 జనవరిలో రాజేంద్రనగర్ విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం భూమిని కొత్త హైకోర్టుకు కేటాయించడం మీద నిరసన చేశారు. వంద ఎకరాలు. మార్చిలో శంకుస్థాపన జరిగిపోయింది. కోర్టు కట్టవద్దని ఎవరూ అనరు. పంటల మీద పరిశోధన జరిగే నేల పట్నం దృష్టికి ఖాళీ స్థలంలా కనిపించడమే అసలు సంగతి. మట్టి గురించి నాలుగేళ్లు చదివినవాడి జీతానికీ, ఆ మట్టికి అంగడిలో పలికే ధరకూ ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. సేద్యం నుంచి విడిపోయినప్పుడే నేలకు అంత ధర వస్తోంది. ఈ పట్నం శివారు కథలు కొన్ని వచ్చాయి, అమ్ముకున్న రైతు మీద. అమ్మగా వచ్చిన డబ్బుతో కొడుకును వ్యవసాయం చదివించిన రైతు మీద రాలేదు. అలాంటివాళ్లు మా మండలంలోనే ఉన్నారు.

సినిమావాళ్లు మనకన్నా చురుకైనవాళ్లు. 2019లో వచ్చిన 'మహర్షి'లో అమెరికాలో పెద్ద కంపెనీ నడిపే నాయకుడు ఊరికొచ్చి పొలంలో దిగాడు. పట్నం ఉద్యోగులు శనాదివారాలు సేద్యం చేయడం ఆ తర్వాత కొన్నాళ్లు ముచ్చటైంది. మన కథల్లోనూ ఆ ఛాయలు లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ విసుగెత్తి, రాజీనామా చేసి, తాత పొలంలో సేంద్రియ పంట వేసి శాంతి పొందిన నాయకులు నాకు పత్రికల్లో తరచుగా ఎదురవుతుంటారు. ఆ కథల్లో వ్యవసాయం చదివినవాడు ఉండడు. ఉంటే అడుగుతాడు: పెట్టుబడి ఎంత, ఎకరానికి దిగుబడి ఎంత, రెండో ఏడాది చీడ పట్టినప్పుడు నీ జీతపు పొదుపు ఎన్నాళ్లు ఆదుకుంది? ఈ ప్రశ్నలకు ఆ కథ నిలబడదు. వాస్తవికత అంటే నేలను వర్ణించడం మాత్రమే అనుకుంటే పట్టభద్రుడి అవసరం రాదు. నేల మీద డబ్బు ఎటునుంచి ఎటు పారుతోందో చూడాలంటే అతను లేకుండా కుదరదు. పల్లె నుంచి కోచింగ్ సెంటరుకు, కళాశాలకు, బ్యాంకుకు, అద్దెగదికి డబ్బు వెళ్లేది అతని మీదుగానే.

బ్యాంకు అన్నాను గనక ఆ ఉద్యోగం గురించి కూడా చెబుతాను. ఈ చదువు చదివినవాళ్లకు ప్రభుత్వోద్యోగం తర్వాత అంత గట్టి ఉద్యోగం బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారి. వ్యవసాయం, ఉద్యానవనం, పశువైద్యం చదివినవాళ్లు దీనికి అర్హులు. 2024 వేతన ఒప్పందం తర్వాత మూలవేతనం 48,480. చేసే పని పంటరుణాలు మంజూరు చేయడం, తనిఖీ చేయడం, వసూలు చేయడం. నాకు తెలిసిన ఒకతను రెండేళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. కోస్తాలో పోస్టింగు, రెండు లక్షల పైబడిన విద్యారుణం ఇంకా ఉంది. పంటరుణం కట్టనివాళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చోవాలి. కౌలు రైతు పొలం చూపిస్తాడు, పట్టా చూపించలేడు. పట్టా ఉన్నవాడు రుణం తీసుకొని కూతురి కాలేజీ ఫీజు కట్టాడు. ఆ సంగతి కాగితం చూస్తేనే ఇతనికి తెలిసిపోతుంది, ఎందుకంటే తన ఇంట్లోనూ అలాగే జరిగింది. 2024లో తెలంగాణలో రెండు లక్షల దాకా పంటరుణాలు మాఫీ అయినప్పుడు వాళ్ల నాయిన పేరు జాబితాలో వచ్చింది. కొడుకు చదువుకు వాడుకున్న పంట అప్పు అట్లా తీరింది. కొడుకు పేర ఉన్న విద్యారుణానికి ఏ మాఫీ లేదు. నెల మొదట్లో జీతం పడ్డ రోజునే అదే బ్యాంకులో అతని ఖాతాలోంచి కిస్తీ కోత పడుతుంది. ఆ తర్వాత బండి తీసుకొని వసూలుకు బయలుదేరతాడు. వెళ్లిన ఇంట్లో మజ్జిగ ఇస్తారట, పిల్లలు ఏం చదువుతున్నారని తాను అడగడట.